దుప్పటి ఎందుకని అడగలేదు

సంచి సర్దుతున్నది తల్లి. వెళ్ళేవాళ్ళు కొడుకూ కోడలూ.

చింతపల్లి కొండల్లో, బస్సు దిగాక ఇంకా రెండు గంటలు నడవాల్సిన చిన్న ఊరు అది. రెండువేల మూడు, జనవరి ఆరో తేదీ. పొద్దెక్కినా పొగమంచు విడలేదు. తల్లి సంచిలో ముందు రెండు స్వెట్టర్లు పెట్టింది. వాటి మీద కొడుకు చెవులు కప్పే ఉన్ని టోపీ పెట్టింది. మిరియాల పొట్లం, శొంఠి కొమ్ములు, పసుపు, ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన మలేరియా మాత్రలు ఒక గుడ్డలో మూటగట్టి పక్కన దోపింది. చివరికి మంచం మీది గొంగళి మడత పెట్టబోతుంటే వాళ్ళను పనికి తీసుకెళ్ళడానికి గుంటూరు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ జక్రయ్య నవ్వాడు.

"అది దేనికి పిన్నీ? మోత తప్ప!"

"మరి ఆ దేశంలో చలి ఎలాగుంటాది బాబూ?"

"చలా! మా గుంటూరు వైపు చలి మాటే లేదు. దుప్పటి కప్పుకునే రోజులు ఏడాదికి పది ఉంటే గొప్ప."

ఆ మాటతో తల్లి ప్రాణం కుదుటపడింది. ఆమె ఎరిగినంతలో గాలీ ఆకాశమూ మనిషిని చంపాలంటే చలితోనే చంపాలి. పోయిన ఏడు ఒక పసిబిడ్డనూ, ఆ ముందటేడు తన తోడికోడలినీ చలే తీసుకుపోయింది. చలి లేని చోటికి బిడ్డ వెళుతున్నాడంటే ఇక భయమెందుకు? గొంగళి మళ్ళీ మంచం మీద పరిచింది.

"వానలు పడగానే వచ్చేయాలి. చోడి పంట నాట్లకి నాకు మీరు కావాలి" అంది.

"నాలుగైదు నెల్లే కదమ్మా. తొలకరికి ఇక్కడుంటాం" అన్నాడు కొడుకు క్రీస్తుదాసు. అతనికి ఇరవై ఆరేళ్ళు. భార్య రెబ్కాకు ఇరవై దాటలేదు. పెళ్ళయి ఏడాది.

ఈ సంగతులన్నీ కోటిరత్నానికి తర్వాత రెబ్కా చెప్పినవే. ఆ రోజుకు కోటిరత్నానికి ఆ ఊరున్నట్టే తెలియదు.

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద, మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలు బారులు తీరిన చోట, కోటిరత్నం ఇల్లు. పెంకుటిల్లు, ముందు వసారా, పక్కన ఒకప్పుడు మిరప బస్తాలు వేసుకునే రేకుల గది. భర్త పిచ్చయ్య ఉన్నప్పుడు నాలుగెకరాల్లో పత్తీ మిరపా పండించేవారు. ఒకనాటి ఉదయం పత్తి విత్తనాలు తెస్తానని వెళ్ళిన పిచ్చయ్య దారిలోనే గుండె ఆగి పోయాడు. అప్పటినుంచి ఎవరు గడప దాటినా, కూరలమ్మే మనిషి గేటు దాటినా, "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని అడగందే ఆమెకు మనసు నిలిచేది కాదు. నలభై ఏళ్ళు వచ్చాక వార్తాపత్రిక ముందేసుకుని, పెద్ద అక్షరాలు పోల్చుకుని, తనంతట తానే చదువు నేర్చుకుంది. ఇప్పుడు అరవై నాలుగేళ్ళ వయసులో పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలదు.

జక్రయ్య కోల్డ్ స్టోరేజీలో హమాలీల మేస్త్రి. చెల్లెల్ని చింతపల్లిలో ఇచ్చాడు. క్రిస్మస్‌కు ఆమెను చూడబోయి, వస్తూ వస్తూ ఈ జంటను వెంటబెట్టుకొచ్చాడు. కోటిరత్నం రేకుల గది వాళ్ళకు అద్దెకిచ్చింది.

జనవరిలో ఊరు వాళ్ళను చూసి ముక్కున వేలేసుకుంది. తెల్లవారుజామున హమాలీలంతా మఫ్లర్లు చుట్టుకుని, టీ బండి దగ్గర చేతులు రుద్దుకుంటుంటే క్రీస్తుదాసు బనీనుతో వచ్చి నిలబడేవాడు.

"చలెయ్యట్లేదంట్రా నీకు?"

"ఇదా చలి? మా ఊళ్ళో ఇలాగుంటే పండగ చేసుకుంటాం."

"అబ్బో! కొండోడంటే కొండోడే. వీడికి ఎండా లేదు, వానా లేదు!"

సరదాగా అన్న ఆ మాట అతని పేరుకు అంటుకుపోయింది. టిక్కీలని పిలిచే మిరప బస్తాలను మోసి కోల్డ్ స్టోరేజీ లోపలి గదుల్లో పేర్చే పని. ఆ గదుల్లోకి అడుగుపెడితే ఒళ్ళు జివ్వుమనే చల్లదనం. మిగతావాళ్ళు గబగబా పేర్చి బయటపడేవారు. క్రీస్తుదాసు మాత్రం లోపల నాలుగు నిమిషాలు ఎక్కువ నిలబడేవాడు. బయటికి రాగానే, "ఏరా దాసూ, మీ ఊరెళ్ళొచ్చావా? మీ అమ్మ బాగుందా?" అని అందరూ ఆటపట్టించేవారు. అతనూ నవ్వేవాడు. "బాగుంది. మిమ్మల్ని అడిగింది" అనేవాడు.

మార్చి గడిచింది. ఏప్రిల్ వచ్చింది. ఇక్కడి మనుషులు ఎండాకాలంలోకి ఎలా దిగుతారో చూడాలంటే వాళ్ళ ఇళ్ళు చూడాలి. కోటిరత్నం వసారాకు తాటాకు పందిరి వేయించింది. కిటికీలకు గోనెపట్టాలు కట్టించింది. పొద్దున పది కొట్టేసరికి తలుపులన్నీ మూసి, గుమ్మానికి తడిపిన దుప్పటి కట్టి, సాయంత్రం గాడ్పు తగ్గాక గాని తీసేది కాదు. మజ్జిగలో ఉప్పూ నిమ్మకాయా పిండి కుండలో పోసి ఉంచేది. ఇవన్నీ ఆమె ఆలోచించి చేసేవి కావు. చేతులు వాటంతట అవే చేసుకుపోయేవి.

పక్కనున్న రేకుల గది మీద మాత్రం తాటాకు పడలేదు.

రెబ్కా మిట్టమధ్యాహ్నం తలుపు బార్లా తెరిచి ఉంచేది. కొండల్లో ఉక్కగా ఉంటే తలుపు తీస్తారు, చల్లగాలి వస్తుంది. ఇక్కడ తలుపు తీస్తే పడమటి గాడ్పు పొయ్యి సెగలా లోపలికొచ్చి పడేది. ఆ అమ్మాయి ముక్కు వెంట ఒకటి రెండుసార్లు నెత్తురు కారింది. చెప్పులు లేకుండా కుళాయి దగ్గరికి వచ్చి, బిందె నిండేలోగా ఒకసారి ఈ కాలి మీద, ఒకసారి ఆ కాలి మీద గెంతుతుంటే, మిరపలో రంగుపోయిన తాలుకాయలు ఏరే పనికి పోయే పక్కింటి జాన్‌బీ పడీ పడీ నవ్వేది.

"ఏమ్మా రెబ్కా, డాన్సు ఎక్కడ నేర్చుకున్నావ్?"

కోటిరత్నం వసారాలోంచి చూసేది. చెప్పాలనిపించేది. 'ఆఁ, వాళ్ళే నేర్చుకుంటారులే. మనకెవరు చెప్పారు? ఉంటే అదే తెలుస్తుంది' అనుకుని ఊరుకునేది. ఆమె చెడ్డ మనిషి కాదు. పచ్చడి పెడితే రెబ్కాకు గిన్నెడు పంపేది. క్రీస్తుదాసు పనికెళుతుంటే గేటు దాకా వచ్చి, "ఎప్పుడొస్తావయ్యా?" అని అడిగేది. అయినా ఈ ఒక్క సంగతి చెప్పాల్సిన సంగతని ఆమెకు తోచలేదు. నీళ్ళు తడుపుతాయని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

మే నెల వచ్చింది. ఆ ఏడు ఎండలు గుర్తున్నవాళ్ళకు వర్ణించి చెప్పక్కర్లేదు. పక్షులు కూసేవి కావు. తారు రోడ్డు మీద చెప్పులు అంటుకునేవి. కోటిరత్నం రోజూ ఉదయం వసారాలో కూర్చుని పేపరు పైకి చదివేది. వడదెబ్బకు పోయినవాళ్ళ పేర్లు, ఊళ్ళు, వయసులు చదివి, ఆ కింద వేసే జాగ్రత్తలు కూడా చదివేది. జాన్‌బీ పనికి పోతూ ఆగి వినేది. ఒకరోజు రెబ్కా కూడా బిందె దించి నిలబడింది.

"ఎండకి మనుషులు పోతారా మామ్మగారూ?" అని అడిగింది.

కోటిరత్నం కళ్ళజోడు సర్దుకునేలోపు జాన్‌బీ అందుకుంది. "పోకేం! ముసలీ ముతకా పోతారు. నీ మొగుడు ఉక్కుముక్క. వాడికేమవుద్ది? ఆ కోల్డ్ స్టోరేజీలో సగం టిక్కీలు వాడొక్కడే మోస్తన్నాడంటగా!"

రెబ్కా సిగ్గుపడి నవ్వింది. బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. కోటిరత్నం తర్వాతి వార్త చదవసాగింది.

జాన్‌బీ అన్నదాంట్లో కొంత నిజం ఉంది. ఎండాకాలంలో హమాలీలు తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండుకల్లా పని ఆపేస్తారు. మళ్ళీ సాయంత్రం అయిదుకు గాని ముట్టరు. కాని లారీలు వేళ చూసుకుని రావు. మిట్టమధ్యాహ్నం వచ్చిన లారీని ఎవరో ఒకరు దించాలి. దానికొక పద్ధతి ఉంది. హమాలీల ముఠాలో అందరికన్నా కొత్తగా చేరినవాళ్ళకు మధ్యాహ్నపు వంతు. ఎవరు పెట్టారో తెలియదు, కాగితం మీద రాసి లేదు. ఏళ్ళ తరబడి అలాగే నడుస్తోంది. ఆ ఏడు ఆ వంతు క్రీస్తుదాసుదీ, ఈపూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన మరొకతనిదీ. ఆ రెండో మనిషి నాలుగు రోజులు చూసి, ఒళ్ళు నొప్పులని చెప్పి వెళ్ళిపోయాడు. అతను ఇక్కడివాడే. ఎప్పుడు వెళ్ళిపోవాలో అతనికి తెలుసు.

క్రీస్తుదాసు మిగిలాడు. అతను బాధపడలేదు సరికదా, గొప్పగా చెప్పుకున్నాడు.

"మధ్యాహ్నం పూట అందరూ లోపల దాక్కుంటారు రెబ్కా. నేనొక్కణ్ణే బయట. మేస్త్రి అంటన్నాడు, నీలాంటోడు ఈ ముఠాలో పదేళ్ళలో రాలేదని."

మే ముప్పై ఒకటి, శనివారం. పన్నెండు దాటాక రెండు లారీలు వచ్చాయి. ఒకటింబావు వేళకు రెండో లారీ సగం దించాక క్రీస్తుదాసు నీడకు వచ్చి చొక్కా విప్పి చూసుకున్నాడు. గేటు దగ్గర కూర్చున్న జక్రయ్యతో, "చూడన్నా, ఇవాళ చెమటే పట్టలేదు. నాకు ఎండ అలవాటైపోయింది. ఇక నేనూ ఈ ఊరోణ్ణే" అన్నాడు. జక్రయ్య పేపరుతో విసురుకుంటూ, "ఇంకేం మరి! ఇక్కడే ఇల్లు కట్టుకో" అన్నాడు. చెమట ఆగిపోవడమంటే ఏమిటో జక్రయ్యకు తెలుసు. వినేటప్పుడు అతను విన్నది పరాచికం ఒక్కటే.

రెండు గంటలు దాటాక క్రీస్తుదాసు తూలుతూ ఇంటికి వచ్చాడు. చాప మీద పడిపోయాడు. ఒళ్ళు కాలిపోతోంది. దవడలు కొట్టుకుంటున్నాయి. "చలి... చలేస్తంది" అన్నాడు.

ఇది చదువుతున్నవారు రెబ్కా స్థానంలో ఒక్క నిమిషం నిలబడాలి. ఆమె పుట్టి పెరిగిన చోట ఒళ్ళు కాలుతూ మనిషి వణికాడంటే అది ఒకే ఒక్కటి, చలిజ్వరం. దానికేం చేయాలో పదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. గాలి తగలకుండా తలుపు వేయాలి. మందంగా కప్పి చెమట పట్టించాలి. మిరియాల కషాయం వేడివేడిగా తాగించాలి. చల్లని నీళ్ళు దగ్గరికి రానీయకూడదు. మలేరియా మాత్ర వేయాలి. అలా చేసి తన తండ్రిని ఒకసారీ, తమ్ముణ్ణి రెండుసార్లూ ఆమె బతికించుకుంది. ఆ అమ్మాయి భయంతో కాళ్ళూ చేతులూ ఆడకుండా కూర్చోలేదు. తనకు తెలిసిన ఒక్కో పనీ తప్పకుండా చేసుకుంటూ వచ్చింది.

కప్పడానికే ఏమీ లేదు. రెండు స్వెట్టర్లూ కప్పింది, తన చీర కప్పింది. చాలలేదు. పరుగున కోటిరత్నం గుమ్మానికి వచ్చింది.

కోటిరత్నం లోపల చల్లటి గచ్చు మీద పడుకుని ఉంది. కునుకు పట్టీ పట్టనట్టుగా ఉంది.

"మామ్మగారూ! దుప్పటుంటే ఇస్తారా?"

"దుప్పటా? పెట్టె మీద ఉన్నాయి చూడు. ఒకటి చాలదే అమ్మాయ్, రెండూ తీసుకెళ్ళు" అంది కోటిరత్నం, కళ్ళు తెరవకుండానే.

ఆమె అనుకున్నది వేరు. అందరిలాగే తడిపి గుమ్మానికి కట్టుకోవడానికి అడుగుతోందనుకుంది. 'అమ్మయ్య, ఇన్నాళ్ళకు పిల్ల నేర్చుకుంటోంది' అని సంతోషించింది కూడా. పక్కకు తిరిగి పడుకుంది. రెబ్కా రెండు దుప్పట్లూ గుండెకు హత్తుకుని ఎండలో పరుగెత్తింది.

సాయంత్రం నాలుగున్నరకు జాన్‌బీ పని నుంచి వచ్చింది. రేకుల గది తలుపు మూసి ఉండటం, లోపలి నుంచి రెబ్కా ప్రార్థన చేస్తున్న గొంతు వినబడటం ఆమెకు వింతగా తోచింది. తలుపు తోసింది. మరుక్షణం ఆమె కేక వీధి చివరి దాకా వినబడింది.

"యా అల్లా! ఏందమ్మా ఇది! కోటిరత్నమ్మా! కోటిరత్నమ్మా, ఇట్రా తొందరగా!"

కోటిరత్నం వెళ్ళేసరికి జాన్‌బీ దుప్పట్లు లాగి అవతల పారేస్తోంది. ఆ గదిలో ఊపిరాడటం లేదు. క్రీస్తుదాసు కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. పిలిస్తే పలకడం లేదు. రెబ్కా జాన్‌బీ చేయి పట్టుకుని ఆపుతోంది.

"తీయకు అక్కా! చెమట పట్టాలి, చెమట పడితే తగ్గిపోతాది. ఇంకా పట్టలేదు, అందుకే ఇంకొకటి కప్పాను..."

"వడదెబ్బే పిచ్చితల్లీ! నీళ్ళు తే! బిందె తే!"

"నీళ్ళా? జ్వరం మీద నీళ్ళు పోస్తే చచ్చిపోతాడు అక్కా!"

కోటిరత్నం అక్కడున్న దుప్పట్లను చూసింది. వాటి అంచు నీలం గీతలు ఆమె చేత్తో కుట్టినవి. కుళాయి దగ్గరికి ఎలా వెళ్ళిందో, బిందెలు ఎన్ని మోసిందో ఆమెకు తర్వాత గుర్తులేదు. జక్రయ్య ఆటో తెచ్చాడు. తడిగుడ్డలు చుట్టి, దారి పొడవునా నీళ్ళు చల్లుతూ, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. వార్డు నిండా అలాంటివాళ్ళే ఉన్నారు. డాక్టరమ్మ వెంటనే వచ్చింది. ఐసు ముక్కలు, సెలైను, ఫ్యాను, చేయగలిగినవన్నీ చేసింది.

"ఎన్నింటికి పడిపోయాడు?"

"రెండున్నరకండి" అంది రెబ్కా.

"అప్పటినుంచి ఏం చేశారు?"

రెబ్కా ఒక్కొక్కటీ చెప్పింది. పరీక్షలో పాఠం ఒప్పజెప్పినట్టు, ఏదీ వదలకుండా చెప్పింది. డాక్టరమ్మ రోజంతా నిలబడి అలిసిపోయి ఉంది. ఆమెకు కోపం ఆగలేదు.

"దుప్పట్లు కప్పారా? మే నెలలో? ఈ ఊళ్ళో ఉంటూ ఆ మాత్రం తెలియదా మీకు?"

కోటిరత్నం ముందుకు వచ్చింది.

"ఆ పిల్లకు తెలియదండీ. వాళ్ళది కొండ ఊరు. తెలిసినదాన్ని నేను. దుప్పట్లు నేనే ఇచ్చాను."

"ఎందుకిచ్చారు మరి?"

"ఎందుకని అడగలేదండీ" అంది కోటిరత్నం.

సాయంత్రం ఏడు గంటలకు క్రీస్తుదాసు చనిపోయాడు.

రెబ్కాను ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఫోను బూతుకు తీసుకెళ్ళారు. చింతపల్లిలో జక్రయ్య చెల్లెలి ఇంటి పక్క కొట్టుకు ఫోను ఉంది. కబురు ఆ ఊరికి చేరి, తల్లి చింతపల్లి దిగివచ్చి ఫోను దగ్గర నిలబడేసరికి మర్నాడు తొమ్మిది గంటలైంది. అప్పటికి ఈ ఎండలో దేహాన్ని అంత దూరం తీసుకెళ్ళలేమని పాస్టరు మార్కు గారు, జక్రయ్య నిర్ణయించుకున్నారు. ఈ ఊరి సమాధుల తోటలోనే గొయ్యి తవ్వుతున్నారు. ఫోనులో తల్లి ఏడవలేదు. ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడిగింది. రిసీవరు పక్కన నిలబడ్డ కోటిరత్నానికి కూడా ఆ గొంతు వినబడింది.

"అక్కడ చలి లేదన్నారు కదా. మరి దేనితో పోయాడు?"

ఎండతో పోయాడని రెబ్కా చెప్పింది. తల్లి, "ఎండతోనా? ఎండతో మనిషెలా పోతాడే?" అంది.

సమాధుల తోటలో ముఠా హమాలీలంతా ఉన్నారు. తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు ఉన్నారు. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు, ఎవరైనా రెండు మాటలు చెప్పదలిస్తే చెప్పమన్నారు. వెనక, గోడ వారన నిలబడ్డ కోటిరత్నం ముందుకు నడిచింది. ఆమె ఆ సంఘం మనిషి కాదు. పదిమందిలో ఎన్నడూ మాట్లాడింది లేదు. ఆమె ముందు జక్రయ్య వైపు తిరిగింది.

"నిన్న మధ్యాహ్నం వంతు ఎవరిది జక్రయ్యా?"

జక్రయ్య తల దించుకున్నాడు. "దాసుదేనమ్మా. కొత్తోళ్ళకి మధ్యాహ్నం ఇవ్వడం మా దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. నేను కొత్తగా చేరినప్పుడు నాకూ అదే వంతు ఇచ్చారు. నేను బతికాను. బతికాను గనక అది తప్పని ఎప్పుడూ అనిపించలేదు."

"నువ్వు నరసరావుపేటలో పుట్టావు నాయనా. కళ్ళు తిరిగితే నీడకు పోవాలని నీకు తెలుసు. చెమట ఆగిపోతే పని ఆపాలని తెలుసు. ఆ పిల్లాడికి తెలియదు."

కోటిరత్నం అక్కడ నిలబడ్డవాళ్ళందరినీ చూసింది.

"నిన్నొక్కణ్ణే అనడం లేదు. నేను రోజూ పేపరు చదువుతాను. వడదెబ్బకు ఏం చేయాలో, ఏం చేయకూడదో నిన్న పొద్దున కూడా పైకి చదివాను. గోడ అవతల ఉన్నవాళ్ళకు అది తెలియకపోవచ్చని నాకు తట్టలేదు. ఆ పిల్ల నన్ను అడిగింది, ఎండకి మనుషులు పోతారా అని. అంతకన్నా తేటగా ఎవరడుగుతారు? నవ్వుకున్నాం. ఈ ఎండ సంగతి మనకు పుట్టుకతోనే వచ్చిందని నేను అనుకునేదాన్ని. ఎవరు చెప్పారు మనకు, అదే తెలుస్తుందిలే అనుకున్నాను. రాత్రంతా ఆలోచిస్తే గుర్తొచ్చింది. చెప్పారు. మా అమ్మ చెప్పింది, రెక్క పట్టుకుని ఎండలోంచి లోపలికి లాగి చెప్పింది. కాపురానికి వచ్చాక మా అత్త చెప్పింది, మజ్జిగ గ్లాసు చేతికిచ్చి చెప్పింది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. అలా చెప్పించుకుని బతికినదాన్ని, నా వంతు వచ్చేసరికి నోరు విప్పలేదు."

ఆమె ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎక్కడినుంచో మన ఊరికి బతకడానికి వస్తారు. గది చూపిస్తాం, పని చూపిస్తాం, కుళాయి ఎక్కడో చూపిస్తాం. మన ఎండ ఎలాంటిదో, మన గాలివాన ఎలాంటిదో కూడా చెప్పాలి. అడిగినప్పుడు చెప్పొచ్చులే అని ఆగకూడదు. తెలియనివాళ్ళకు ఏం అడగాలో కూడా తెలియదు. ముందుగా చెప్పాల్సింది తెలిసినవాళ్ళే."

అంతే చెప్పి ఆమె వెనక్కు వెళ్ళి నిలబడింది. రెబ్కా ఆమె వైపు చూడలేదు. క్షమించానని గాని, క్షమించలేదని గాని ఆ అమ్మాయి ఆనాడూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. జూన్ తొమ్మిదో తేదీన పాస్టరు గారి భార్య తోడు వెళ్ళి ఆమెను చింతపల్లిలో దించి వచ్చింది. అప్పటికి కొండల మీద తొలకరి పడిందట. వానలో తడుస్తూ నడిచి వెళ్ళారట.

ఆ తర్వాత సంగతి కూడా రాయాలి. మధ్యాహ్నపు వంతు వెంటనే ఏమీ పోలేదు. లారీలవాళ్ళు కేకలు వేశారు. ముఠాలో కొందరు, ఒక్కడు పోయాడని పద్ధతి మారుస్తామా అన్నారు. జక్రయ్య మాత్రం ఆ ఎండాకాలం మిగిలిన రోజుల్లో మిట్టమధ్యాహ్నం లారీ వస్తే కొత్తవాళ్ళెవరినీ లేపలేదు. తానే లేచి గేటు దగ్గరికి వెళ్ళి, "అయిదింటికి దించుతాం. అప్పటిదాకా నీడలో పెట్టుకోండి" అని చెప్పి వచ్చేవాడు. మరుసటి ఏడు వచ్చేసరికి అడిగేవాళ్ళు తగ్గారు. ఎండాకాలంలో పదకొండుకూ అయిదుకూ మధ్య కోల్డ్ స్టోరేజీ గేటు మూసి ఉండటం అందరికీ మామూలైపోయింది.

రేకుల గది మీద కోటిరత్నం తాటాకు వేయించింది. రెండువేల నాలుగు మార్చిలో ఆ గదిలోకి ఒరిస్సా నుంచి వచ్చిన కుటుంబం దిగింది. వాళ్ళకు తెలుగు సరిగా రాదు. కోటిరత్నం జాన్‌బీని వెంటబెట్టుకుని వెళ్ళి, ఆకాశం చూపించి, తల పట్టుకుని, కింద పడినట్టు నటించి చూపించింది. తడిగుడ్డ ఎలా వేయాలో, మజ్జిగ ఎలా కలపాలో చేసి చూపించింది. ఆ ఇంటావిడ మొదట నవ్వింది. కోటిరత్నం నవ్వలేదు. మళ్ళీ మొదటినుంచి చేసి చూపించింది. రెండోసారికి ఆవిడ నవ్వడం ఆపి, భర్తను కేకేసి పిలిచి పక్కన నిలబెట్టుకుంది. జాన్‌బీ దారిలో, "ఈ వయసులో నాటకాలేంటి కోటిరత్నమ్మా, కింద పడితే నడుం విరుగుద్ది" అని విసుక్కుంది. అయినా మర్నాడు ఎదురు వీధిలో కొత్తగా దిగిన మరో ఇద్దరి దగ్గరికి తానే ముందు నడిచింది.

తెలిసిన మాట చెప్పడానికి ఏ ఖర్చూ లేదు. చెప్పకపోతే ఏం పోతుందో ఈ ఊరికి తెలిసింది.

క్రీస్తుదాసు తన కొండ ఊరిని వదిలింది రెండువేల మూడు జనవరి ఆరు, సోమవారం. చనిపోయింది ఆ ఏడు మే ముప్పై ఒకటి, శనివారం. అతను తిరిగి వెళ్ళలేదు.